సోల పైకి, గిద్ద కిందకి: ఇంట్లో ఇద్దరే మిగిలాక వంట చిట్కాలు

పిల్లలు చదువులకో, ఉద్యోగాలకో విశాఖపట్నం, హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిపోయాక మా చీపురుపల్లిలో చాలా ఇళ్ళల్లో మిగిలేది ఇద్దరే. మనుషులు తగ్గారు గానీ చెయ్యి తగ్గదు కదండీ. ఐదుగురికి అలవాటు పడ్డ చెయ్యి సోలెడు బియ్యం పోసేస్తుంది, పప్పు ఇంకో గుప్పెడు వేసేస్తుంది. ఆ తర్వాత మూడు పూటలు అదే కూర, నాలుగో పూట కుండీలోకి. పాత వంటని సగం చేసేస్తే ఇద్దరి వంట అయిపోదు వదినగారూ. గిన్నె మారాలి, కొనే తీరు మారాలి, ఒకసారి ఉడికించినదాన్ని రెండు రకాలుగా తినడం రావాలి. ఇవన్నీ నా పొయ్యి మీద చేసి చూసినవే. మీకు పనికొచ్చినవి పట్టుకెళ్ళండి.

ముందు కొలత సంగతి

1. బియ్యం డబ్బాలోంచి సోల తీసేసి గిద్ద పడేయండి. సోలకి నాలుగు గిద్దలు కదా, పూటకి ఇద్దరికి ఎన్ని చాలుతాయో వారం చూసుకుంటే ఇక ఆ లెక్క మీ చేతికే వచ్చేస్తుంది.

2. గిద్ద దొరకలేదా, కరెంటు కుక్కరుతో పాటు ఇచ్చిన కప్పు తీయండి. తలకొట్టి పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం, యాభై దాటిన ఇద్దరికి ఒక పూటకి సరిపోతుంది.

3. అనుమానం వస్తే బియ్యం తక్కువే పోయండి. తక్కువైతే మజ్జిగలో గుప్పెడు అటుకులు నానబెట్టుకుంటాం, ఎక్కువైతే రేపంతా దాన్నే చూస్తూ కూర్చోవాలి.

4. ముద్దపప్పుకి రెండు చిన్న గుప్పెళ్ళ కందిపప్పు చాలు, పప్పుచారుకైతే ఒకటే. గుప్పెడు ఎప్పుడూ మీదే అయ్యుండాలి, మావారి గుప్పెడైతే నలుగురికి సరిపోతుంది.

5. కూర సగం చేస్తున్నామని నీళ్ళు కూడా సగం పోయకండి. మంట అదే, గిన్నె వెడల్పూ అదే, కాబట్టి ఆవిరైపోయే నీళ్ళు సగానికి తగ్గవు. సగం మీద ఇంకో పావుగ్లాసు పోస్తే అడుగంటదు.

6. ఉప్పు, కారం, చింతపండు మాత్రం సగానికన్నా ఒక పిసరు తక్కువతో మొదలెట్టండి. రుచి చూసి కలుపుకోవచ్చు, వేసినది తీయలేం.

7. పోపు మూకుట్లో పెట్టడం మానేసి పోపు గరిటెలో పెట్టండి. మూకుడు అడుగు తడవడానికే రెండు మూడు చెంచాల నూనె పోతుంది, గరిటెలో ఒక్క చెంచాతో ఆవాలు చిటపటలాడతాయి.

8. నెల మొదట్లో లీటరు నూనె సీసా పక్కన పెట్టి ఇద్దరికీ నెలంతా ఇదే అనుకోండి. లీటరంటే సుమారు 910 గ్రాములు, మనిషికి రోజుకి 15 గ్రాములు, అంటే పెద్ద చెంచాకి కాస్త పైన. ఆవకాయ నూనె ఈ లెక్కలోకి రాదులెండి, దాన్ని ఎవరూ కొలవలేరు.

9. ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. వారానికి ఇద్దరికీ 70 గ్రాములు చిన్న డబ్బాలో పోసి పెట్టండి. గురువారానికే అడుగు కనిపిస్తే బీపీ మాత్ర ఎందుకు పెరిగిందో డాక్టరుని అడగక్కర్లేదు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపల్లో ఉన్న ఉప్పు దీనికి అదనం, ఆ సంగతి గుర్తుంచుకోండి.

గిన్నెలు

10. పెద్ద డేగిసాలు, గుండిగలు అటకెక్కించండి. కళ్ళెదురుగా ఉంటే వాటినే పొయ్యెక్కిస్తాం, గిన్నె ఖాళీగా కనిపిస్తోందని ఇంకో నాలుగు ముక్కలు కోస్తాం.

11. అటకెక్కించమన్నాను గానీ అమ్మేయమనలేదు. కనకమహాలక్ష్మి జాతరకి చుట్టాలు దిగితే, సంక్రాంతికి పిల్లలు వస్తే అవే కావాలి. సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరాక పాత బెడ్‌షీటులో కట్టి పెడితే అప్పటికప్పుడు తోముకునే పని తప్పుతుంది.

12. 5 లీటర్ల కుక్కరు పక్కన పెట్టి 2 లేదా 3 లీటర్లది వాడండి. ఇద్దరి పప్పు పెద్ద కుక్కరు అడుగున పల్చగా పరుచుకుని అంటుకుపోతుంది, చిన్నదైతే విజిల్ తొందరగా వస్తుంది, గ్యాసూ మిగులుతుంది.

13. ఆ కుక్కర్లోనే కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె, బియ్యం మీద కడిగిన బంగాళాదుంప ఒకటి పెట్టేయండి. ఒకే మంట మీద అన్నం, పప్పు, రేపటి కూర దుంప మూడూ అయిపోతాయి.

14. చట్నీకి మిక్సీ పెద్ద జారు తీయకండి. ఇద్దరి చట్నీ బ్లేడు కిందే తిరుగుతుంది, మెదగదు. చిన్న జారులో ఒక్క తిప్పుకి అవుతుంది, కడగడానికీ సులువు.

15. కూర మూకుడు జానెడు వెడల్పుది ఒకటి కొనుక్కోండి, అడుగు మందంగా ఉండాలి. వెడల్పు మూకుట్లో పావుకిలో బెండకాయలు వేపితే సగం మాడతాయి, సగం నూనె తాగుతాయి.

16. చిన్న గిన్నె చిన్న బర్నరు మీదే పెట్టండి. మంట గిన్నె పక్కలకి ఎగబాకుతోందంటే మీరు డబ్బు పెట్టి వంటింటి గోడని వేడి చేస్తున్నట్టే.

17. అల్లం, వెల్లుల్లి, జీలకర్ర చిన్న రోట్లో అప్పటికప్పుడు దంచుకోండి. నెలకి సరిపడా నూరి ఫ్రిజ్‌లో పెట్టే అవసరం ఇద్దరికి లేదు, అప్పటికప్పుడు దంచినదానికి వాసన కూడా ఎక్కువ.

18. బల్లమీద పెట్టే గిన్నెలు కూడా చిన్నవే ఉండాలి. మా అత్తగారిచ్చిన బుడితి గిన్నెలు అటకమీంచి దించి అవే వాడుతున్నాను. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు కదా, బరువుగా ఉండి వేడి పట్టుకుంటాయి. కళాయి లేని ఇత్తడిలో మాత్రం పులుసు, పెరుగు, నిమ్మకాయ పెట్టొద్దు, చిలుము వదులుతుంది.

సంతకెళ్ళినప్పుడు

19. పావుకిలో అడగడానికి మొహమాట పడకండి. "కిలో తీసుకోమ్మా, తగ్గించి ఇస్తాను" అంటాడు అమ్మేవాడు. తగ్గించే పది రూపాయల కన్నా శనివారం కుళ్ళి పారేసే అరకిలో ఖరీదెక్కువ.

20. తెచ్చిన కూరలకి వరస పెట్టండి. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, తర్వాత వంకాయ, బెండ, బరబాటీలు, వారం చివర దుంపలు, కంద, గుమ్మడి. ఈ వరస తప్పకపోతే కూర పారేసే పని ఉండదు.

21. ఆనపకాయ ఇద్దరికి పెద్దదైపోతుందని వదిలేయకండి, మూడు వంటలు చేయండి. సగం ముక్కలకి నువ్వుపొడి చల్లి కూర, మిగిలిన సగం మర్నాడు బెల్లం వేసి పులుసు, లేత తొక్కు శనగపప్పుతో వేపి పచ్చడి. పాతిక రూపాయల కాయ రెండు రోజులు ఇల్లు నడుపుతుంది.

22. ఆనపకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదుంటే మొత్తం పారేయండి. ఉడికించినా ఆ చేదు పోదు, కడుపులో బాధ పెట్టే రకం అది.

23. గుమ్మడి, కంద, క్యాబేజీ ముక్క కోసి ఇమ్మనండి. ఇవ్వనంటే పక్కింటావిడతో వాటా మాట్లాడుకుని కాయ కొనండి, డబ్బులు సగం, కూర సగం.

24. పనసకాయ జోలికి ఇద్దరున్న ఇల్లు వెళ్ళకూడదు. ఉద్దానం కాయ ఒకటి కొంటే చేతులకి నూనె రాసుకుని పొద్దంతా కొట్టాలి, తర్వాత వీధంతా పంచాలి. కొట్టిన పొట్టు పావుకిలో తెచ్చుకుని, ఉడికించి, దించాక ఆవ పెట్టుకోండి. శ్రమ లేదు, పెళ్ళి భోజనం రుచి.

25. ఎవరైనా పనసపండు ఇస్తే పిక్కలు పారేయకండి. కడిగి నీడన ఆరబెట్టి ఉంచితే వంకాయలోకి, పులుసులోకి నాలుగేసి పిక్కలు వేసుకోవచ్చు, కూర ఖర్చు తగ్గుతుంది.

26. బియ్యం 25 కిలోల బస్తా కొనే ముందు లెక్కేయండి. రెండు పూటలా కలిపి రోజుకి 300 గ్రాములైతే ఆ బస్తా 83 రోజులొస్తుంది, వానాకాలంలో అంతలోపు పురుగు పట్టేస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా 10 కిలోల సంచే మేలు, డబ్బాలో ఎండు వేపాకు వేయండి.

27. కందిపప్పు, మినప్పప్పు, పెసరపప్పు అరకిలో చొప్పున చాలు. బొంబాయిరవ్వ, గోధుమరవ్వ తెచ్చిన రోజే ఉత్త మూకుట్లో గోరువెచ్చగా వేపి ఆరాక సీసాలో పోస్తే పురుగు రాదు, ఉప్మా కూడా తొందరగా అవుతుంది.

28. ఏడాది కారం మొత్తం ఒకేసారి పట్టించకండి. సగం పట్టించి, మిగతా మిరపకాయలు తొడిమలతోనే గలగలలాడేలా ఎండబెట్టి దాచండి. ఆరునెలల తర్వాత పట్టించిన కారానికి రంగూ, ఘాటూ రెండూ ఉంటాయి.

29. పాలు లీటరు నుంచి అరలీటరుకి దించండి. మిగిలితే పెరుగు, పెరుగు మిగిలితే మజ్జిగపులుసు అనుకుంటూ ఉంటే వారానికి మూడుసార్లు మజ్జిగపులుసే తినాల్సొస్తుంది.

30. పలాస జీడిపప్పులో గుండు పండక్కి, రోజువారీ కూరకి ముక్క. ముక్క ధర తక్కువ, నూరితే రుచి ఒకటే. పావుకిలో తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే ముక్కిపోయిన వాసన రాదు.

చేప, కోడి

31. ఇద్దరికి చిన్న చేపలు కొనండి, లేదా పెద్ద చేపలో నాలుగు ముక్కలే కోయించుకోండి. పులుసు మాత్రం రెండు పూటలకి పెట్టండి, మర్నాడు పొద్దున్న దాని రుచే వేరు.

32. చికెన్ అరకిలో తెచ్చి సగం వండి, మిగతా సగానికి ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి వెంటనే ఫ్రీజర్లో పెట్టండి. ముందురోజు రాత్రి కింది అరలోకి దింపితే పొద్దున్నకి వంటకి సిద్ధం. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డ కట్టించొద్దు.

33. ఎండు మెత్తళ్ళు గాజు సీసాలో ఎప్పుడూ ఉండాలి. తలలు తీసి, ఉత్త మూకుట్లో వేపి, వేడినీళ్ళతో రెండుసార్లు కడిగి గుప్పెడు వంకాయ కూరలో వేస్తే ఇంకేమీ అడగరు. ఇద్దరి వంటకి ఇంతకన్నా చవకైనది నాకు తెలియదు.

ఒకసారి పొయ్యి, రెండు పూటల తిండి

34. కందిపప్పు రెండు రోజులకి ఒకేసారి ఉడికించి, సగం ఉప్పు వేయకముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఈరోజు ముద్దపప్పు, రేపు పప్పుచారు. రెండో రోజు కుక్కరుతో పనే లేదు.

35. పప్పు అరగంట నానబెట్టాకే కుక్కర్లో పెట్టండి. విజిళ్ళు సగానికి తగ్గుతాయి, మీరు ఆ అరగంటలో కూరలు కోసుకుంటారు.

36. చింతపండు వారానికోసారి వేడినీళ్ళలో నానబెట్టి, చిక్కగా తీసి, ఒక ఉడుకు రానిచ్చి సీసాలో పోయండి. చారుకి చెంచా, పులుసుకి మూడు చెంచాలు, రోజూ పిసికే పని లేదు.

37. టమాటాలు చవకైనప్పుడు ఉల్లిపాయతో మగ్గించి, ఐసు గడ్డల ట్రేలో పోసి గడ్డ కట్టించండి. రెండు గడ్డలు ఇద్దరి కూరకి సరిగ్గా సరిపోతాయి.

38. రాత్రి అన్నం మిగిలిందా, తరవాణి పెట్టేయండి. అన్నం చల్లారిన వెంటనే మట్టికుండలో వేసి మునిగేలా నీళ్ళు పోయాలి. పొద్దున్న మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నంజుకి ఆవకాయ. ఎండాకాలంలో నేను టిఫినే చేయను, మావారు హోటలు మొహమే చూడరు. కుండ రోజూ కడిగి ఎండలో బోర్లించండి, అన్నం జిగురు సాగినా, ముక్కు చిట్లించే వాసన వచ్చినా చెట్టు మొదట్లో పోసేయండి.

39. చోడి అంబలి ఇద్దరికి నాలుగు పెద్ద చెంచాల పిండితో అవుతుంది. రాత్రి పిండి నీళ్ళలో కలిపి పులియనివ్వండి, పొద్దున్న గుప్పెడు బియ్యపు నూక మెత్తగా ఉడికాక ఆ పిండి నీళ్ళు ఉండకట్టకుండా కలుపుతూ పోసి, దగ్గర పడ్డాక దించండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు. పదకొండు దాకా ఆకలనరు.

40. అంబలి మిగిలితే పారబోయకండి, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఇంకాస్త మజ్జిగ కలిపి తాగండి. పల్చబడిన కొద్దీ దాహానికి బాగుంటుంది.

41. ఇడ్లీకి అరగ్లాసు మినప్పప్పు, గ్లాసు రవ్వ చాలు. మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు ఉల్లిపాయ ఊతప్పం, మూడో రోజు అడుగున మిగిలిన పిండితో దిబ్బరొట్టి. పులుపెక్కిన కొద్దీ రొట్టికే రుచి.

42. దిబ్బరొట్టికి మందపాటి చిన్న మూకుడు, సన్నసెగ, పైన బరువైన మూత. తిరగేయడానికి తొందరపడకండి, అంచులు ఎర్రబడి మూకుడు వదిలాకే తిప్పాలి. ముక్కలు కోసి బెల్లం పానకంతో పెడితే రాత్రి భోజనం అయిపోయినట్టే.

43. కప్పు గోధుమపిండికి నాలుగైదు చపాతీలు వస్తాయి, ఇద్దరికి అదే లెక్క. మిగిలిన పప్పు ఉంటే నీళ్ళకి బదులు దాంతోనే పిండి కలపండి, కూర లేకుండానే దిగిపోతాయి.

44. వేపుడు మిగిలితే మర్నాడు గుడ్డు కొట్టి కలపండి, పచ్చడి మిగిలితే పెరుగులో కలిపి పోపు పెట్టండి. పేరు మారితే చాలు, "నిన్నటిదే కదా" అనేవాళ్ళు రెండోసారి అడుగుతారు.

45. తరవాణి వద్దనుకున్న రోజు అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్న నిమ్మకాయ పులిహోర చేయండి. ఎండలు కాస్తున్నప్పుడైతే జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి మెదిపి వడియాలు పెట్టేయండి.

46. నీళ్ళు పోయని అన్నాన్ని వంటింటి గట్టు మీద రాత్రంతా వదలొద్దు. అందులో పెరిగే సూక్ష్మజీవులు వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌కి చేర్చండి.

47. ఫ్రిజ్‌లో పెట్టే డబ్బా మీద కాగితం ముక్క అంటించి వారం పేరు రాయండి. రెండు రోజులు దాటింది మొహమాటం లేకుండా తీసేయండి, మందుల ఖర్చు కన్నా అదే చవక.

48. అక్టోబరులో ఫ్రీజరు నింపొద్దు. 2014లో అక్టోబరు 12న హుద్‌హుద్, 2018లో అక్టోబరు 11న తిత్లీ. మన ఉత్తరాంధ్ర వాళ్ళకి గుర్తు చేయక్కర్లేదు కరెంటు ఎన్నాళ్ళకి వచ్చిందో. ఆ నెలలో అటుకులు, చోడిపిండి, పొడులు, ఎండుచేపలు ఇంట్లో ఉంటే చాలు, ఏ తుఫానొచ్చినా పొయ్యి వెలుగుతుంది.

పచ్చళ్ళు, పొడులు

ఇక్కడే అసలు చెయ్యి ఆగదు మనకి. ఊరగాయ రోజుల్లో మామిడికాయల బస్తా గుమ్మంలో దిగకపోతే వేసవి వచ్చినట్టే ఉండదు, నిజమే. కానీ జాడీలు నింపేసి ఇద్దరూ కూర్చుని తింటే ఆ ఉప్పు, ఆ నూనె ఎక్కడికి పోతాయి?

49. ఆవకాయకి కాయల లెక్క మానేసి గిన్నె లెక్క పెట్టుకోండి. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె ఆవపిండి, గిన్నె కారం, ముప్పావు గిన్నె ఉప్పు, గిన్నెకి పైగా నువ్వుల నూనె. మూడోరోజు తిరగకలిపి, ముక్క మీద నూనె తేలకపోతే ఇంకాస్త పోయండి. గిన్నె ఎంతదైనా లెక్క తప్పదు.

50. జాడీలోంచి పదిరోజులకి సరిపడా చిన్న సీసాలోకి తీసి అదే బల్లమీద పెట్టండి. జాడీ మాటిమాటికీ తెరవకపోతే, తడి గరిటె పడకపోతే బూజు రాదు.

51. గోంగూర కట్టలు రెండు కొని, ఆకు ఆరబెట్టి నూనెలో మగ్గించి ఉప్పు వేసి ఉంచండి. మన విజయనగరం జిల్లా గోగు పంటకి పేరున్నది, ఆకు చవకగా దొరికే రోజున చేసుకుంటే పప్పులోకి, మాంసంలోకి, పచ్చడిలోకి ఆ ముద్దే. ఉల్లిపాయ, పోపు తినేముందు కలిపితే ప్రతిసారీ కొత్తగా ఉంటుంది.

52. నువ్వులపొడి, కందిపొడి పావుకిలో చొప్పున కొట్టి పెట్టుకోండి. నడుం పట్టేసిన రోజున వేడన్నం, పొడి, నెయ్యి, అప్పడం. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరూ తెచ్చి ఇవ్వక్కర్లేదు.

53. బూడిదగుమ్మడికాయ వడియాలు నాలుగిళ్ళ వాళ్ళు కలిసి ఒక కాయతో పెట్టుకోండి. పప్పు రుబ్బడం ఒకరు, ముక్కలు కోయడం ఒకరు, మేడ మీద కాకిని తోలడం ఇంకొకరు. కబుర్లు ఉచితం.

54. కొబ్బరికాయ కొట్టాక కళ్ళున్న చిప్ప ముందు వాడేయండి, అదే ముందు పాడవుతుంది. రెండోదానికి లోపల ఉప్పు రాసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు ఆగుతుంది, లేదా తురిమి ఫ్రీజర్లో పెట్టండి.

55. కొత్తిమీర కట్ట కొనడం కన్నా పెరట్లో ధనియాలు నలిపి చల్లుకోవడం మేలు. కరివేపాకు, నాలుగు మిరప మొక్కలు కూడా ఉంటే సంతలో చిల్లర ఖర్చు తప్పుతుంది.

ఇంట్లో రెండో మనిషి

56. మీ ఆయనకి అన్నం, పప్పు, గుడ్డు కూర నేర్పించేయండి, ఇప్పుడు ఇద్దరికీ తీరికే. అమ్మాయి పురిటికని మీరు నెలరోజులు వెళ్తే ఆయన హోటళ్ళ పాలవకుండా ఉంటారు, మీకు ఫోన్లో "ఉప్పు డబ్బా ఎక్కడ" అనే గోల తప్పుతుంది.

57. నేర్పేటప్పుడు పక్కన నిలబడి చూడకండి, ముందుగదిలోకి వెళ్ళి కూర్చోండి. అడుగంటిన గిన్నె ఆయనతోనే తోమించండి, రెండోసారి అంటదు.

58. ఒకరికి కారం పడదు, ఒకరికి చప్పన పడదు, అయినా రెండు కూరలు వండొద్దు. కారం వేయకముందే ఒకరి వాటా తీసేసి, మిగిలినదాంట్లో వేసుకోండి, ఒక గిన్నె తోమే పని తగ్గుతుంది.

59. పిల్లలకి నచ్చవని మానేసినవన్నీ ఇప్పుడు వండుకోండి. కాకరకాయ పులుసు, కంద బచ్చలి, మెంతికూర పప్పు. ఇన్నేళ్ళూ వాళ్ళ నాలుకకి వండాం, అడిగేవాళ్ళు లేనప్పుడు మన నాలుక మాట వినాలి కదా.

60. రాత్రికి మళ్ళీ అన్నం, కూర, చారు పెట్టకండి. ఉప్మా, అట్టు, అంబలి ఏదో ఒకటి. వంటిల్లు ఏడున్నరకి కట్టేస్తే సీరియలు మొదటినుంచీ చూడొచ్చు.

61. గ్యాస్ సిలిండరు మార్చిన రోజు క్యాలెండరులో గుర్తు పెట్టండి. అదే 14.2 కిలోల బండ మునుపటికన్నా ఎన్నాళ్ళు ఎక్కువొచ్చిందో చూస్తే ఈ చిట్కాల్లో ఏది పని చేసిందో తెలుస్తుంది. అదనంగా ఒకటి ఉండాలంటే 5 కిలోల చిన్న బండ చాలు, ఎత్తుకోవడానికీ తేలిక.

62. పండక్కి బూరెలు, గారెలు ఆనవాయితీ తప్పించొద్దు, పిండి తగ్గించండి. పావుకిలో శనగపప్పుతో నైవేద్యానికీ, మనకీ, పనిమనిషికీ సరిపడా బూరెలు వస్తాయి. నూనె కూడా చిన్న బూర్లెమూకుట్లో పోస్తే కాచిన నూనె మిగలదు.

పిల్లలొచ్చే రోజులు, పంపే మూటలు

63. సంక్రాంతికో, విజయనగరం సిరిమానుకో పిల్లలొస్తుంటే వారం ముందు నుంచీ ఫ్రిజ్ ఖాళీ చేయండి. వచ్చిన రోజున ఏది పెట్టాలన్నా చోటుంటుంది, పాత డబ్బాలు వాళ్ళ కంట పడవు.

64. విశాఖపట్నం వైపు నుంచి రైల్లో వస్తుంటే నెల్లిమర్ల దాటామని ఫోన్ వచ్చాకే ఎసరు పెట్టండి. టైమ్‌టేబులు నమ్మి వండితే అన్నం చల్లారి, మీరు మళ్ళీ వండాల్సొస్తుంది.

65. వాళ్ళున్న నాలుగు రోజులూ గిద్ద దాచేసి సోలే వాడండి, కానీ వెళ్ళిన సాయంత్రమే గిద్ద మళ్ళీ డబ్బాలో వేయండి. ఆ ఒక్కరోజు ఆలస్యం చేస్తే చెయ్యి పాత లెక్కకి తిరిగిపోతుంది.

66. మూటలో తడి వస్తువులు పెట్టకండి. పొడులు, వడియాలు, భీమాళి తాండ్ర, జీడిపప్పు; ఇవైతే బెంగళూరు దాకా పాడవకుండా, బట్టలకి నూనె అంటకుండా చేరతాయి.

67. ఆవకాయ పంపాలంటే సీసా ముప్పావు వంతే నింపి, మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, నిలువుగా సర్దండి. నిండా నింపిన సీసా రైల్లో కుదుపులకి కారుతుంది.

68. అక్కడ వాళ్ళూ ఒకళ్ళో ఇద్దరో కదా, మీ గిద్ద లెక్కలే వాళ్ళకీ కావాలి. వండుతూ వండుతూ వాట్సాప్‌లో "రెండు గుప్పెళ్ళ పప్పు, గ్లాసున్నర నీళ్ళు, మూడు విజిళ్ళు" అని మాట రికార్డు చేసి పంపండి. రాసి పంపితే చదవరు, మీ గొంతైతే వింటారు.

69. మూట కట్టే స్టీలు డబ్బాల అడుగున నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టి, ఖాళీవి పట్టుకురమ్మని ముందే చెప్పండి. లేకపోతే మళ్ళీ సంక్రాంతికి మీ ఇంట్లో మూతలే ఉంటాయి.